ఎంటెక్ స్టైపెండా, అమెరికా చదువుకు లోనా: తోట జోలికి పోకుండా చదివే దారి ఉందా?

బంగారుపాళెం అమ్మాయి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ ట్రిపుల్ఈ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. మాది బంగారుపాళెం పక్కన పల్లె. మూడెకరాల తోతాపురి మామిడి తోట, రెండు ఆవులు. తోట నాయన చూసుకుంటాడు, అమ్మ రెండు పూటలా డెయిరీకి పాలు పోస్తుంది. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. నా బీటెక్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోనే గట్టెక్కింది. హాస్టల్ డబ్బు మాత్రం ఇంట్లో నుంచే వచ్చింది. అది ఎలా వచ్చిందో నాకు తెలుసు కాబట్టే ఇప్పుడు ఈ టెన్షన్.

ఈ తూరి ఎంటెక్ సీట్ల కోసం పెట్టే గేట్ పరీక్ష రాశాను. స్కోరు 500 దాటింది. ఎక్కడ సీటొస్తుందని అడగడం లేదు, అది కౌన్సెలింగ్‌లో తేలుతుంది. సీటొచ్చాక ఏం తిని చదవాలన్నదే నా ప్రశ్న.

2025 మామిడి సీజన్ ఈ జిల్లా వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కిలోకు 12 అన్నారు. నాయన ట్రాక్టరు లోడుతో ఫ్యాక్టరీ గేటు బయట రెండు రాత్రులు పడుకున్నాడు. మూడో రోజు పొద్దున నేను టిఫిన్ తీసుకుని పోతే ట్రాలీ అడుగునుంచి రసం కారుతోంది, చుట్టూ ఈగలు. నాయన తువ్వాలు నెత్తిన వేసుకుని ట్రాక్టరు నీడలో కూర్చుని, "పరీక్షలు ఎప్పుడు?" అని అడిగాడు. కాయల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ నెలలోనే అమ్మ రెండు పేటల గొలుసు బ్యాంకుకు పోయింది. ఇంకా ఇంటికి రాలేదు.

ఇప్పుడు నా ముందు మూడు దారులు ఉన్నాయి. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం, చేతికి 18 వేలు. లేదా ఇక్కడే ఎంటెక్, గేట్ ఉంది కాబట్టి నెలకు 12,400 స్టైపెండ్ వస్తుందంటున్నారు. మూడోది మా మేనమామ పట్టు. అమెరికాలో ఎంఎస్ చేయమని తిరుపతిలో ఒక కన్సల్టెన్సీకి తీసుకుపోయాడు. ఏసీ గది, చాక్లెట్లు, గోడ నిండా వీసాలు పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు. కన్సల్టెన్సీ ఆయన కాలిక్యులేటర్ నొక్కి 40 లక్షలు అన్నాడు. "లోన్ మేమే చేయిస్తాం, తోట కాగితాలు తీసుకురండి" అన్నాడు. నాయన బస్సులో బంగారుపాళెం వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చాక పెట్టె తీసి తోట పాసుపుస్తకం బయట పెట్టాడు. నేను అడగకుండానే. అందుకే ఈ పోస్టు.

స్టైపెండ్ నిజంగా నెలనెలా వస్తుందా? దాంతో హాస్టల్ గడుస్తుందా? లోన్ తీసుకోక తప్పకపోతే తోట పెట్టకుండా ఎంత వరకు ఇస్తారు? నాకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి. "నీ ప్యాషన్ ఫాలో అవ్వు" అనేవాళ్ళు మాత్రం దయచేసి వద్దు.


కరెంటాఫీసు వీధి జవాబు

చెల్లెమ్మా, 18 వేలు చేతికొస్తుంటే ఇంకా ఆలోచన దేనికి? ముందు చేరిపో. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, పారిపోదు. ఒక సంవత్సరం పని చేసి గొలుసు విడిపించి, ఆ తర్వాత ఎంటెక్‌కు పోవచ్చు. నేనైతే అదే చేసేవాణ్ణి. చేయలేదు, అది వేరే కథ.


కొర్లగుంట అక్క జవాబు

ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు, స్కోరు మూడేళ్ళు చెల్లే మాట నిజమే. కానీ షిఫ్టు డ్యూటీ చేస్తూ మళ్ళీ చదువుకు తిరిగొచ్చిన వాళ్ళను నేను తక్కువ చూశాను. సరే, నీ ప్రశ్నకు వస్తాను.

నాది పాకాల. 2020లో ఎంటెక్‌లో చేరాను, తిరుపతి చుట్టుపక్కల ఒక ప్రైవేటు కాలేజీ, పేరు వద్దులే. చేరింది కరోనా సంవత్సరం, అడ్మిషన్లే ఆలస్యం. అదే డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. బీటెక్‌లో అలవాటైన ధైర్యంతో చేరిన మా బ్యాచ్ మొత్తం నోరు వెళ్ళబెట్టింది. కాబట్టి మొదటి మాట: బీటెక్ లెక్క పీజీకి వేసుకోవద్దు. ఏ కాలేజీ అయినా సరే, మీ బ్రాంచిలో ఎంటెక్ రెండో సంవత్సరం చదువుతున్న ఒకరిని పట్టుకుని "నీ ఫీజు ఎవరు కట్టారు?" అని సూటిగా అడుగు. ఆఫీసులో అడిగితే "వస్తుందమ్మా" అంటారు. ఆ "వస్తుంది"కి తేదీ ఉండదు.

ఇక స్టైపెండ్. నెలకు 12,400, ఇరవై నాలుగు నెలలు. పదేళ్ళ పైనుంచి అదే అంకె, మెస్ బిల్లు మాత్రం ఎక్కడా ఆగలేదు. ఐఐటీ, ఎన్ఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో అయితే ఆ సంస్థే మీ ఖాతాలో వేస్తుంది. మిగతా కాలేజీల్లో అయితే ఏఐసీటీఈ (కేంద్ర సాంకేతిక విద్యా మండలి) నుంచి డీబీటీ ద్వారా నేరుగా నీ ఖాతాకు వస్తుంది. ఊరికే ఇవ్వరు. వారానికి ఎనిమిది నుంచి పది గంటలు డిపార్ట్‌మెంట్ పని చేయాలి, బీటెక్ పిల్లల ల్యాబులు, రికార్డులు దిద్దడం లాంటివి. స్టైపెండ్ తీసుకుంటూ బయట జీతం తీసుకోకూడదు.

కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి ఉంటే సరిపోదు, నువ్వు చేరే ఎంటెక్ కోర్సుకు, ఆ సీట్లకు అనుమతి ఉండాలి. నీ పేరు పోర్టల్‌లో ఎక్కించాల్సింది కాలేజీ వాళ్ళే. నెలనెలా హాజరు నమోదు చేయాల్సిందీ వాళ్ళే. ఆ పని చేసే మనిషి ఒకరు ఉంటారు. మా కాలేజీలో ఆయన ఎగ్జామ్ బ్రాంచిలో కూర్చునేవాడు, ఆయన లీవు పెడితే మా అందరి నెల ఆగినట్టే. చేరిన మొదటి వారంలోనే ఆ మనిషి ఎవరో కనుక్కో, నమస్కారం పెట్టుకో.

డబ్బు మొదటి నెల నుంచే రాదు. పోర్టల్ తెరవాలి, ఐడీ రావాలి, కాగితాలు ఎక్కాలి, అటు నుంచి ఓకే కావాలి. ఆ తర్వాత పాత నెలలవీ కలిపి పడతాయి. నా క్లాసులో ముగ్గురికి ఐదో నెలలో పడింది. నాకు పడలేదు. కాలేజీలో అడిగితే పోర్టల్‌లో "పెయిడ్" అని చూపించారు. నా పాస్‌బుక్ చూస్తే 312 రూపాయలు. హాస్టల్ వార్డెన్ రోజూ కారిడార్‌లో ఆపేది. నాయన నడుస్తున్న చీటీ మధ్యలో తగ్గించి పాడుకుని మెస్ కట్టాడు. ఆ పాటలో పోయింది తొమ్మిది వేలు. ఆ తొమ్మిది వేలు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది, ఎందుకంటే డబ్బు అప్పటికే వచ్చి ఉంది.

ఎక్కడికి వచ్చిందంటారా? ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్ కోసం మా ఊరి బ్యాంకులో అమ్మ సంతకంతో తెరిచిన మైనరు ఖాతాకు. డీబీటీ డబ్బు నువ్వు ఫారంలో రాసిన నంబరు చూసి రాదు. నీ ఆధార్ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఏ ఖాతాకు ముడిపడి ఉందో అక్కడికి పోతుంది, ఆ ముడినే సీడింగ్ అంటారు. కొత్త ఖాతాకు ఆధార్ ఇచ్చాను కదా, లింకైపోయింది అనుకున్నాను. లింకు వేరు, సీడింగ్ వేరు. ఊరికి పోయి ట్రంకుపెట్టె అడుగున ఆ పాత పుస్తకం వెతికి, బ్యాంకులో ఎంట్రీ వేయిస్తే నాలుగు నెలలది 49,600 నిక్షేపంగా ఉంది. కౌంటర్లో ఆయన "తీయడానికి కుదరదు, మీరు మేజర్ అయ్యాక కేవైసీ ఇవ్వలేదు" అన్నాడు. కొత్త సంతకం, కొత్త ఫోటో, మళ్ళీ పది రోజులు. నా ఎంటెక్‌లో థీసిస్ కన్నా కష్టమైన చాప్టర్ అదే.

కాబట్టి నువ్వు ఈ వారమే మైఆధార్ సైటులోకి పోయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడు. ఖాతా నీ ఒక్కదాని పేరున మామూలు సేవింగ్స్ ఖాతా అయి ఉండాలి. జాయింటు ఖాతా పనికిరాదు. లిమిట్లు ఉండే జన్‌ధన్ లాంటిదీ వద్దు.

12,400తో గడుస్తుందా అంటే, ప్రభుత్వ సంస్థ హాస్టల్ అయితే గడుస్తుంది, ఇంటికి మాత్రం పంపలేవు. ప్రైవేటు కాలేజీలో ఫీజు కూడా ఇందులోంచే అంటే గడవదు. ఒక కాగితం మీద జూలై నుంచి డిసెంబరు దాకా నెలలు రాసుకో. ఒక పక్క కట్టాల్సినవి, ఇంకో పక్క వచ్చేవి. స్టైపెండ్ గడిలో మొదటి ఆరు నెలలు సున్నా రాసుకో. ఆ సున్నాలను ఎలా దాటుతావో తేలితే మిగతా ఏడాదిన్నర దానంతట అదే పోతుంది. అంత డబ్బు ఒకేసారి పడితే భలే ఉంటుందనుకో, కానీ అది నీ చేతికొచ్చేసరికే ఎవరికో ఇవ్వాల్సినదై ఉంటుంది.

ఇంకొకటి, నువ్వు అడగలేదు కానీ చెప్తాను. చదువు మీద నిజంగా ఇష్టం ఉంటే బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీ కూడా చూడు. ఐఐటీల్లో మంచి మార్కులతో, గేట్‌తో బీటెక్ వాళ్ళను తీసుకుంటారు. ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, తర్వాత 42 వేలు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అయితే నెలకు 70 వేలతో మొదలైంది, దానికి పోటీ గట్టిగా ఉంటుంది. ఏర్పేడులో తిరుపతి ఐఐటీ క్యాంపస్ మీ ఇంటి నుంచి రెండు బస్సుల దూరమే కదా. నేను ఇప్పుడు పీహెచ్‌డీ మూడో ఏడు. నాయనకు నెలకు ఏడు వేలు పంపుతున్నాను. చీటీ కూడా నేనే కడుతున్నాను, ఈసారి చివరిదాకా పాడనివ్వను.


పాత క్యాష్ కౌంటర్ జవాబు

అమ్మా, నేను బ్యాంకులో 34 ఏళ్ళు చేసి రిటైర్ అయ్యాను, చిత్తూరే. మీ నాయనను ముందు ఆ పాసుపుస్తకం పెట్టెలో పెట్టేయమను.

చదువు లోనుకు వ్యవసాయ భూమిని తాకట్టుగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. ఇల్లు, సైటు, ఫిక్సెడ్ డిపాజిట్ అడుగుతాయి. మరి ఆ కన్సల్టెన్సీ ఆయన తోట కాగితాలు ఎందుకు అడిగాడు? విలువ చూపించడానికి కావచ్చు. లేదా మీతో అమ్మించి ఆ డబ్బు చూపించడానికి కావచ్చు. నా సర్వీసులో రెండో రకం చూశాను. లోను అని మొదలుపెడతారు, మధ్యలో "మార్జిన్ (మీ చేతి నుంచి పెట్టాల్సిన వాటా) తక్కువైంది సార్, ఒక ఎకరం తీసేయండి" అంటారు. రైతు అప్పటికే ఊరంతా చెప్పుకుని ఉంటాడు, వెనక్కి రాలేడు.

40 లక్షల లెక్క వేసి చూపిస్తాను. వడ్డీ 11 శాతం అనుకుందాం. మొత్తం చేతికొచ్చాక నెల వడ్డీ ఒక్కటే 36,667 అవుతుంది. అసలు ముట్టుకోకుండా. పదిహేనేళ్ళకు కంతులు పెడితే నెలకు 45 వేల పైన. చదివే కాలంలో కట్టక్కర్లేదు అంటారు, నిజమే, కోర్సు కాలం, ఆ పైన ఒక సంవత్సరం మారటోరియం ఉంటుంది. కానీ వడ్డీ మీటరు ఆగదమ్మా, ఆటో నిలబడినా తిరిగినట్టే. ఆ వడ్డీ చివర్లో అసలుకు కలుస్తుంది, అప్పుడు కంతు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ చదివితే లెక్క వేరు. 4 లక్షల లోపు అయితే మార్జిన్ లేదు, తాకట్టు లేదు. నాయన కో-ఆప్లికెంట్‌గా సంతకం పెడతాడు, అంతే. ఏడున్నర లక్షల దాకా కూడా గ్యారంటీ ఫండ్ స్కీము ఉంది కాబట్టి తాకట్టు అడగకూడదు. అడిగితే "ఏ సర్క్యులర్ ప్రకారం సార్?" అని మర్యాదగా అడుగు. పేపరు మీద రాసిమ్మంటే మా వాళ్ళు సగం మంది దిగొస్తారు, నేనూ దిగొచ్చినవాణ్ణే.

మీ ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపే ఉంటుంది. అలాంటప్పుడు కేంద్రం వడ్డీ సబ్సిడీ పథకం కింద మారటోరియం కాలంలో పడే వడ్డీ అంతా ప్రభుత్వమే కడుతుంది. టెక్నికల్ కోర్సు కావాలి, కాలేజీకి న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ గుర్తింపు ఉండాలి. ఈ సబ్సిడీ జీవితంలో ఒక్కసారే, డిగ్రీకో పీజీకో. బీటెక్‌కు లోను తీసుకోలేదు కాబట్టి నీది ఇంకా మిగిలే ఉంది. 2024 నవంబరులో కేబినెట్ ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి కూడా ఉంది. అందులో ఎనిమిది లక్షల ఆదాయం వరకు, పది లక్షల లోను దాకా మూడు శాతం వడ్డీ తగ్గింపు. జాబితాలో ఉన్న సంస్థలకే వర్తిస్తుంది, కేంద్ర సంస్థలు అందులో ఉన్నాయి. కాలేజీ ఖాయం చేసుకునే ముందే పోర్టల్‌లో పేరు ఉందో లేదో చూసుకో. తహసీల్దార్ ఇచ్చే ఇన్‌కమ్ సర్టిఫికెట్ లేకుండా ఈ రెండింట్లో ఏదీ నడవదు. సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టేయండి. జూలైలో అందరూ ఒకేసారి వస్తారు, సర్వరు పడుకుంటుంది.

అమ్మాయిలకు కొన్ని బ్యాంకులు అర శాతం వడ్డీ తగ్గిస్తాయి. మేనేజరు మర్చిపోయినా నువ్వు గుర్తు చెయ్యి.

ఇప్పుడు నిన్నొక ప్రశ్న అడుగుతాను. అమ్మ గొలుసు పెట్టి ఎన్నాళ్ళయింది? వ్యవసాయ బంగారు రుణం సాధారణంగా ఏడాదికి. గడువు దాటి అలాగే వదిలేస్తే బాకీ ఖాతా అవుతుంది, పెట్టిన మనిషి సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నారా అని బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది. రేపు నీ లోనుకు కో-ఆప్లికెంట్‌గా కూర్చునేది ఆ మనిషే అయితే, లోను ఆగేది అక్కడే. నీ మార్కుల దగ్గర కాదు. నా టేబుల్ మీద ఇలా ఆగిన ఫైళ్ళు చాలా ఉన్నాయి, పిల్లకు 9 సీజీపీఏ, తండ్రికి 40 వేల గోల్డ్ లోను ఓవర్‌డ్యూ.


రేణిగుంట టు టెక్సస్ జవాబు

ఇక్కడ రాత్రి ఒంటిగంట, ఈ పోస్టు చూసి నిద్ర పట్టలేదు.

నేను 2022లో ఎంఎస్‌కు వచ్చాను, 32 లక్షల లోన్. చదువు అయ్యాక కొన్ని నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ నెలలన్నీ మా నాన్న ఫోన్ చేసి "తిన్నావా" అని మాత్రమే అడిగేవాడు. ఇప్పుడు ఉద్యోగం ఉంది, కంతులు కడుతున్నాను, రావడం తప్పని చెప్పను. కానీ కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పని సంగతి ఒకటి ఉంది.

"అక్కడికి పోయాక అసిస్టెంట్‌షిప్ వస్తుంది, ఫీజు మాఫీ అవుతుంది" అని నాకూ చెప్పారు. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్పులు ముందు పీహెచ్‌డీ వాళ్ళకే పోతాయి. ఎంఎస్ వాళ్ళకు మిగిలేవి కొన్ని. ప్రొఫెసర్లకు వందల మెయిళ్ళు పోతాయి, నేను మొదటి నెలలోనే 60 పంపాను, జవాబిచ్చింది ఇద్దరు, ఇద్దరూ సారీ అన్నారు. ఆ తర్వాత క్యాంపస్ డైనింగ్ హాల్లో పని దొరికింది. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చేయాలి, క్యాంపస్ బయట పని చేస్తే వీసాకే ఎసరు. ఆ డబ్బు అద్దెకూ బియ్యానికీ సరిపోయింది. ఫీజుకు దాన్ని లెక్కలో వేసుకుంటే మోసపోతావు.

నిజంగా ఈ దేశం రావాలని ఉంటే బీటెక్ మీద నేరుగా పీహెచ్‌డీకి అప్లై చెయ్యి. ఇంజినీరింగ్‌లో చాలా చోట్ల పీహెచ్‌డీ వాళ్ళకు ఫీజు మాఫీ, నెలకు స్టైపెండ్ రెండూ ఇస్తారు. మన వైపు పిల్లలకు ఎంఎస్ ఒక్కటే తెలుసు, ఎందుకంటే కన్సల్టెన్సీకి కమీషన్ వచ్చేది అందులోనే. ఆగస్టు అడ్మిషన్లకు గడువులు ఎక్కువగా ముందటేడు డిసెంబరులోనే అయిపోతాయి, కాబట్టి ఈ సంవత్సరం ఎలాగూ కుదరదు. ఎంటెక్ చేస్తూ ఒక మంచి పేపరు రాస్తే అప్పుడు నీ అప్లికేషన్‌కు బరువు వస్తుంది. నాకు 22 ఏళ్ళప్పుడు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు.

మీ మామకు నా నంబరు కావాలంటే మెసేజ్ పెట్టు, నేను మాట్లాడతాను.


బంగారుపాళెం అమ్మాయి జవాబు

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు జవాబివ్వలేకపోయాను, ఇవన్నీ చూసుకుంటూ తిరిగాను.

పాత క్యాష్ కౌంటర్ సార్, మీరు అడిగిన ప్రశ్నకు భయపడి ముందు బ్యాంకుకే పోయాం. గొలుసు గడువు ఇంకా 19 రోజులు ఉంది. మేనేజరు వడ్డీ కట్టి తిరగ రాసుకోమన్నాడు. వడ్డీ డబ్బు నాయన సర్దుతానన్నాడు. మీరు అడగకపోయుంటే మాకు తేదీ కూడా గుర్తు లేదు. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో అర్జీ పెట్టాను.

కొర్లగుంట అక్కా, మీరు చెప్పినట్టు సీడింగ్ చూశాను. నా ఆధార్ అమ్మతో కలిపి ఉన్న జాయింటు ఖాతాకు ముడిపడి ఉంది! బీటెక్‌లో విద్యా దీవెన (అదే ఫీజు రీయింబర్స్‌మెంట్) కోసం తల్లీ పిల్లలు జాయింటుగా తెరవమన్నారు కదా, అదే. మీరు చెప్పకపోతే నేనూ ఐదో నెలలో ట్రంకుపెట్టె వెతుక్కునేదాన్నే. నా ఒక్కదాని పేరున కొత్త ఖాతా తెరిచి, దానికి సీడింగ్ మార్చమని ఫారం ఇచ్చాను. అమ్మ పక్కనే నిలబడి, "అంటే నా పేరు తీసేస్తున్నావా?" అని అంది. తీయడం లేదమ్మా, అది అలాగే ఉంటుంది, ఇది వేరేది అని చెప్పాను. నమ్మినట్టు లేదు. ఖాతాలో ముందు వెయ్యి వేయాలన్నారు. చీర కొంగు ముడి విప్పి పాల డబ్బు తీసి ఇచ్చింది, ఇచ్చాక పాస్‌బుక్ తీసుకుని నా పేరు ఒక్కటే ఉందా అని రెండుసార్లు చూసింది.

కాగితం మీద నెలలు రాశాను. ప్రభుత్వ సంస్థలో సీటొస్తే, జూలై నుంచి డిసెంబరు దాకా స్టైపెండ్ గడిలో సున్నాలు పెట్టినా మూడు లక్షల లోపు లోనుతో దాటేస్తాను. ప్రైవేటులో అయితే దాటలేను, కాబట్టి అవి కౌన్సెలింగ్ ఆప్షన్లలో పెట్టను. ఏదీ రాకపోతే శ్రీసిటీ. అమెరికా ఈ ఏడాదికి లేదు. టెక్సస్ అన్నా, మామకు మీ నంబరు ఇస్తాను, ఆయన నా మాట వినడు, అమెరికాలో ఉన్నవాళ్ళ మాటైతే వింటాడు.

నాయనకు మీ అందరి జవాబులు చదివి వినిపించాను. తోట గురించి సార్ రాసింది మళ్ళీ చదవమన్నాడు. పాసుపుస్తకం పెట్టెలోకి పోయింది.

ఒక చిన్న డౌట్: సీడింగ్ మార్చితే అమ్మకు వచ్చే డబ్బులేమైనా ఆగుతాయా? అమ్మ అదే అడుగుతోంది.


పాత క్యాష్ కౌంటర్ జవాబు

ఆగవమ్మా. నీ ఆధార్ ముడి నీది, అమ్మ ఆధార్ ముడి అమ్మది. అమ్మకు వచ్చేవి అమ్మ ఆధార్ ఏ ఖాతాకు ఉందో అక్కడికే వస్తాయి. అమ్మది కూడా ఒకసారి చూపించు, ఆమెకే తృప్తి.


కొర్లగుంట అక్క జవాబు

ఫారం ఇచ్చినంత మాత్రాన మారదు. వారం తర్వాత మైఆధార్‌లో మళ్ళీ చూడు, కొత్త బ్యాంకు పేరు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కనబడకపోతే అదే కౌంటర్‌కు మళ్ళీ పో. సిగ్గుపడొద్దు, నేను నాలుగుసార్లు పోయాను.